గ్లాసెడు నీళ్ల లెక్క: సొంతంగా కారు కట్టే విద్యార్థులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో ఫార్ములా కార్లు కడుతున్న విద్యార్థి జట్లకు, ఆ జట్ల బాధ్యత చూస్తున్న అధ్యాపకులకు,



మీ షెడ్డులో పుట్టే కారుకు రాగల జబ్బుల్లో చప్పుడు చెయ్యనిది ఒకటుంది. ఇంజన్ స్టార్టవుతుంది, కారు ట్రాక్ మీద బాగానే తిరుగుతుంది, కింద మడుగు కట్టదు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ రాదు. కానీ మర్నాడు పొద్దున రేడియేటర్ క్యాప్ తీసి చూస్తే నీళ్లు కిందికి దిగి ఉంటాయి. ఎవరో ఒకరు గ్లాసెడు పోసి మూత పెడతారు. మూడో రోజూ అంతే. వారం తిరిగేసరికి జట్టులో ఒక మాట మొదలవుతుంది: హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఆ మాట ఒకసారి పుట్టాక ఆపడం కష్టం. అది పెద్ద మాట, పనితనం తెలిసినవాళ్లు అనే మాట. స్పానర్లు బయటికి వస్తాయి, ఇంజన్ కిందికి దిగుతుంది, పోటీకి మిగిలిన రోజుల్లో నాలుగైదు అక్కడే పోతాయి. ఆ స్పానర్లు బయటికి రాకముందే చదవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. సొంతంగా కట్టిన కారులో నీళ్లు నెమ్మదిగా తగ్గుతుంటే ఫ్యాక్టరీ చేసిన భాగాన్ని విప్పేముందు మీరు చేసిన భాగాన్ని అనుమానించాలి. దేన్ని అనుమానించేముందైనా కొలవాలి. వినడానికి ఇది తేలిక మాటే. చేతిలో పని ఉన్నప్పుడు మాత్రం వరస తిరగబడుతుంది, ఎందుకంటే మన చేత్తో చేసినదాన్ని మనమే తప్పు పట్టడం ఎవరికైనా మనసొప్పని పని. రాత్రంతా కూర్చుని వెల్డింగ్ చేసిన పైపు మీద అనుమానం రాదు. ఎవరో ఎక్కడో బిగించిన గ్యాస్కెట్ మీద వెంటనే వస్తుంది.

లెక్క మాత్రం అటువైపు లేదు. విద్యార్థి ఫార్ములా కారులో మీరు వాడే ఇంజన్ చాలాసార్లు ఒక మోటార్‌సైకిల్‌ది. కేటీఎం 390 డ్యూక్ పాత తరం ఇంజన్ మన దేశంలో బాగా వాడుకలో ఉంది: 373 సీసీ, ఒకే సిలిండర్, నీటితో చల్లబడే రకం. దాని బ్లాకు, హెడ్డు, మధ్య గ్యాస్కెట్ ఒకదానికొకటి సరిపోయేలా రూపొంది, పరీక్షకు నిలిచి, ఒకే తీరుగా వేలకొద్దీ తయారైనవి. ఆ ఇంజన్ మీ షెడ్డుకు వచ్చాక మీరేం మార్చారో ఒక కాగితం మీద రాసి చూడండి. ముందు చక్రం వెనక ఉండాల్సిన రేడియేటర్ పక్కకు, కిందికి వచ్చింది. దానికీ ఇంజన్‌కీ దూరం పెరిగింది. ఆ దూరాన్ని కలపడానికి అల్యూమినియం పైపులు కోశారు, వంచారు, అతికారు. వాటి మధ్య సిలికాన్ హోస్ ముక్కలు, ప్రతి ముక్కకూ రెండు క్లిప్పులు. నీళ్లు పోసే మెడ కొత్తది, క్యాప్ కొత్తది, పొంగిన నీళ్లు పట్టే సీసా కొత్తది. మోటార్‌సైకిల్‌లో నాలుగైదు చోట్ల ఉండే అతుకు మీ కారులో పన్నెండు, పదహారు చోట్లకు పెరిగి ఉంటుంది. గ్యాస్కెట్ ఉన్నచోటే ఉంది, దాన్నెవరూ ముట్టుకోలేదు. మారినవి ఇన్ని ఉండగా మారనిదాన్ని మొదట నిలదియ్యడం ఏ దర్యాప్తు పద్ధతికీ ఒప్పదు.

ఇక్కడ ఒక ఇబ్బంది మీకు ప్రత్యేకంగా ఉంది. 1981లో అమెరికాలో మొదలైన విద్యార్థుల పోటీ ఫార్ములా ఎస్‌ఏఈ నియమాల ప్రకారం పోటీ కారు ఇంజన్‌లో కూలెంట్‌గా మామూలు నీళ్లు తప్ప మరేదీ పోయకూడదు. రోడ్డు కార్లలో వాడే గ్లైకాల్ కూలెంట్ ట్రాక్ మీద ఒలికితే జారుడు, కడిగినా ఓ పట్టాన పోదు కాబట్టి ఆ నియమం సబబైనదే. దానివల్ల మీరు పోగొట్టుకునేది సాక్ష్యం. రంగు కూలెంట్ కారితే ఆకుపచ్చనో గులాబీనో మరక మిగులుతుంది, వేడి లోహం మీద పడితే తియ్యటి వాసన వస్తుంది. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ వేడి సిలిండర్ పక్కన చెమర్చితే మరకా లేదు, వాసనా లేదు, క్షణాల్లో ఆవిరి. బోరు నీళ్లు పోస్తే తెల్లటి సున్నపు పొర కడుతుంది, లీకు చోటు కనిపిస్తుంది నిజమే. దానికోసం రేడియేటర్ సన్నని గొట్టాల్లో ఉప్పు పేరబెట్టుకోకండి, అది ఇంకో జబ్బు. కంటికి కనిపించే ఆనవాలు లేనప్పుడు మిగిలే సాక్షి అంకె ఒక్కటే.

కాబట్టి మొదటి పరికరం వంటింటి తూకం. మిల్లీలీటరు నీళ్ల బరువు దాదాపు గ్రాము. పోసే నీళ్లను గ్లాసుతోనో సీసాతోనో అంచనాగా కాకుండా సిరంజితో కొలిచి పొయ్యండి. పొంగు పట్టే సీసాను కారు తిరగకముందు ఒకసారి, చల్లారాక ఒకసారి తూచండి. కారు ఎన్ని గంటలు ఊరికే నిలబడింది, ఎన్నిసార్లు వేడెక్కి చల్లారింది, పూర్తి థ్రాటిల్ మీద ఎంతసేపు తిరిగింది అన్న మూడు అంకెలు పక్కన రాయండి. కిరాణా కొట్టు జమాఖర్చు పుస్తకం లాంటిదే ఇది: పోసినది ఇంత, సీసాలో దొరికినది ఇంత, తేడా ఇంత. వారం రోజులు ఈ పుస్తకం రాస్తే ఒక ప్రశ్నకు జవాబు దానంతట అదే బయటపడుతుంది: నీళ్లు దేన్ని అనుసరించి తగ్గుతున్నాయి? నిలబడ్డ గంటలను బట్టా, వేడెక్కి చల్లారిన సార్లను బట్టా, ఇంజన్ పడ్డ కష్టాన్ని బట్టా? ఈ మూడింటికీ కారణాలు వేరు, వెతకాల్సిన చోట్లు వేరు. ‘ఎక్కడినుంచి కారుతోంది’ అన్న ప్రశ్నకన్నా ‘ఎప్పుడు తగ్గుతోంది’ అన్న ప్రశ్న ముందు రావాలి. రెండోది తెలిస్తే మొదటిదానికి వెతికే చోటు బాగా తగ్గిపోతుంది.

నిలబడ్డ గంటలను బట్టి తగ్గుతుంటే అది చల్లని లీకు. నిమిషానికి ఒక్క చుక్క అనుకోండి. చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు, గంటకు 3 మిల్లీలీటర్లు. శనివారం సాయంత్రం ఆరింటికి తాళం వేసి మంగళవారం పొద్దున ఆరింటికి తీస్తే 60 గంటలు, 180 మిల్లీలీటర్లు. అదే మీ గ్లాసెడు. నిమిషానికో చుక్క మన ఎండల్లో సిమెంటు నేల మీద మడుగు కట్టదు, పడ్డది పడ్డట్టే ఆరిపోతుంది, లేదా బాడీ ప్యానెల్ లోపల ఏ మూలకో పాకి అక్కడే ఇంకుతుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రబ్బరు, సిలికాన్, అల్యూమినియం వ్యాకోచించి అతుకును బిగిస్తాయి. చల్లారాక ఒక్కొక్కటి ఒక్కో లెక్కన కుంచించుకుని సందు వదులుతాయి. అందుకే నడుస్తున్న కారు చుట్టూ తిరిగి ఎంత వెతికినా ఏమీ కనిపించదు.

దీన్ని పట్టుకోవడానికి సైకిల్ పంక్చర్ వేసేవాడి తెలివే చాలు. అతను ట్యూబులో గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తాడు. ఆటోనగర్‌లో రేడియేటర్ బాగుచేసేవాళ్లూ రేడియేటర్ నోళ్లు మూసి గాలి పట్టి అలాగే ముంచుతారు. మీరు కారునంతా ముంచలేరు కాబట్టి, నీళ్లు నిండుగా ఉన్న చల్లని వ్యవస్థకు క్యాప్ స్థానంలో చేతిపంపు, గేజ్ ఉన్న ప్రెషర్ టెస్టర్ బిగించి, క్యాప్ మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా మాత్రమే కొట్టి, పదిహేను నిమిషాలు ముల్లును చూడండి. అంతకు మించి కొట్టారా, లేని లీకును మీరే పుట్టిస్తారు. ముల్లు దిగుతుంటే ప్రతి అతుకు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టండి, అనుమానమున్న వెల్డు మీద ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. పౌడరు మీద తడి గీత వెంట్రుకంత సన్నగా ఉన్నా కనిపిస్తుంది.

ఇలా వెతికితే మొదట చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. పైపు చివర ఉబ్బెత్తు అంచు లేకుండా నున్నగా కోసి వదిలేస్తే హోస్ ఎంత బిగించినా దానిమీద నెమ్మదిగా జారుతుంది. ఫ్యాక్టరీ పైపులన్నిటికీ ఆ అంచు ఉండేది అందుకే. అల్యూమినియం వెల్డింగ్‌లో సూదిమొన అంత రంధ్రాలు మిగలడం మామూలు, అల్యూమినియం సరిగ్గా శుభ్రం కాకపోతే మరీనూ. మెత్తని సిలికాన్ హోస్ మీద గాట్లున్న మామూలు వార్మ్ క్లిప్ బిగిస్తే గాట్లలోంచి సిలికాన్ ఉబికి తెగుతుంది, లోపలివైపు నున్నగా ఉన్న క్లిప్పులు దానికి కావాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. సిలికాన్ రబ్బరు నీటి ఆవిరిని తనలోంచి పోనిస్తుంది. హోస్‌లో చిల్లు లేకపోయినా నెలల మీద కొద్దిగా నీరు దాని గోడలోంచే పోతుంది. రోజుకో గ్లాసు దీనివల్ల పోదు గానీ, వేసవి సెలవులంతా నిలబడ్డ కారులో మట్టం కాస్త దిగితే కంగారు పడనక్కర్లేదు. ఇక రేడియేటర్‌ను ఛాసిస్‌కు రబ్బరు లేకుండా గట్టిగా బోల్టు చేస్తే ఒంటి సిలిండర్ ఇంజన్ వణుకు మొత్తం దాని ట్యాంకు అతుకుల మీద పడుతుంది. అక్కడ పుట్టే పగులు మొదట్లో వెంట్రుకంతే ఉంటుంది.

రెండో వర్గం, అంటే వేడెక్కి చల్లారిన సార్లను బట్టి తగ్గడం, దగ్గర కాసేపు ఆగాలి. సొంతంగా కట్టిన కారుకే ప్రత్యేకమైన జబ్బు ఇది. ఇందులో లీకు అసలు లేకపోవచ్చు. నీళ్లు 30 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు వేడెక్కితే వాటి పరిమాణం దాదాపు మూడున్నర శాతం పెరుగుతుంది. వ్యవస్థలో లీటరున్నర పడుతుందనుకుంటే 50 మిల్లీలీటర్లు, అంటే పది టీస్పూన్ల నీళ్లు. క్యాప్ దాకా నిండుగా పోస్తే ఈ పది టీస్పూన్లకు లోపల చోటు లేదు. ఒత్తిడి పెరిగి క్యాప్ స్ప్రింగు లేచి ఆ నీళ్లు గొట్టంలోంచి సీసాలోకి పోతాయి. ఇది దోషం కాదు, క్యాప్ చెయ్యాల్సిన పనే. అసలు కథ చల్లారేటప్పుడు. నీళ్లు కుంచించుకుంటే లోపల శూన్యం పుట్టి క్యాప్‌లోని చిన్న వాల్వు తెరుచుకుని, పోయిన నీళ్లను సీసాలోంచి వెనక్కి పీల్చుకోవాలి. గొట్టం చివర సీసా అడుగున నీళ్లలో మునిగి ఉంటేనే అది జరుగుతుంది. పొంగిన ద్రవం పట్టే సీసా తప్పనిసరి అని, దాని కొలత వ్యవస్థలోని ద్రవంలో పదో వంతో 900 మిల్లీలీటర్లో ఏది ఎక్కువైతే అంత ఉండాలని ఫార్ములా ఎస్‌ఏఈ నియమం చెబుతుంది. గొట్టం చివర సీసాలో ఎక్కడ ఉండాలన్నది మాత్రం మీ ఆలోచనకు వదిలిన విషయం. గొట్టాన్ని సీసా పైభాగాన బిగించి వదిలేస్తే చల్లారినప్పుడు లోపలికి వచ్చేది నీళ్లు కాదు, గాలి.

ఆ గాలి ఎక్కడ చేరుతుందన్నది తరవాతి ప్రశ్న. రేడియేటర్ మెడ కారు మొత్తంలో ఎత్తైన చోట ఉంటే గాలి అక్కడే, క్యాప్ కింద చేరుతుంది. రెండోసారి వేడెక్కినప్పుడు ముందుగా బయటికి పోయేది ఆ గాలే కాబట్టి మట్టం కాస్త దిగి అక్కడ స్థిరపడుతుంది. కానీ రేడియేటర్‌ను పక్కన కిందికి దించి, మెడ సిలిండర్ హెడ్‌కన్నా తక్కువ ఎత్తులో ఉండిపోయిందనుకోండి. గాలి పైకెక్కి హెడ్‌లోనో పై హోస్ వంపులోనో తిష్ఠ వేస్తుంది. క్యాప్ కింద మళ్లీ నీళ్లే ఉంటాయి. వేడెక్కిన ప్రతిసారీ క్యాప్ నీళ్లను బయటికి పంపుతుంది, చల్లారిన ప్రతిసారీ గాలిని లోపలికి లాగుతుంది. వెళ్లేది నీరు, వచ్చేది గాలి, సారికి కాస్త కాస్తగా. హెడ్‌లోని గాలి బుడగ పెరిగి పెరిగి, పెరిగే నీళ్లకు మెత్తగా చోటివ్వగలిగేంత అయ్యేదాకా ఇది ఆగదు. ఆగే సమయానికి చల్లగా ఉండాల్సిన హెడ్‌లో నీళ్లుండాల్సిన చోట గాలి ఉంటుంది. రోజూ పొద్దున నిండుగా పోసేవారు ఈ చక్రాన్ని రోజూ మొదటికి తెస్తున్నారు. వారు పోసిన గ్లాసే మర్నాటి నష్టం. మీ పుస్తకంలో ఒక్కో వేడికి నష్టం ఇంచుమించు ఒకే అంకెగా ఉండి, ఆ అంకెకు దగ్గరగా సీసా బరువు పెరుగుతుంటే లీకు కోసం వెతకడం మానెయ్యండి. మెడను ఎత్తుకు మార్చండి, లేదా ఎత్తైన చోట గాలి తీసే స్క్రూ పెట్టండి. గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, అది మునిగేటంత నీళ్లు సీసాలో ముందే పొయ్యండి. కారు ముక్కు ఎత్తి నిలబెట్టి నీళ్లు నింపితే మొదటి నిండులోనే గాలి చాలావరకు పోతుంది. కొత్తగా నింపిన కారు మొదటి రెండు మూడుసార్లు వేడెక్కినప్పుడు కాస్త మట్టం దిగడం దాక్కున్న గాలి బయటపడటమే, దాన్ని లీకు ఖాతాలో రాయకండి.

క్యాప్ గురించి ఇక్కడే చెప్పాలి. 1.1 బార్ క్యాప్ సరిగ్గా పనిచేస్తే నీళ్లు 120 డిగ్రీలు దాటేదాకా మరగవు. స్ప్రింగు నీరసించి సగం ఒత్తిడికే లేస్తుంటే 111 దగ్గరే మరుగుతాయి. క్యాప్ మూతపడకపోతే హైదరాబాద్ ఎత్తులో 98 చాలు. మెడ లోతు ఒక కొలత, క్యాప్ పొడవు ఇంకో కొలత అయితే పైకి బిగిసినట్టే ఉండి అడుగు సీలు కూర్చోదు. మెడ ఒక చోట, క్యాప్ ఒక చోట కొన్నప్పుడు ఇది తేలిగ్గా జరిగే పొరపాటు. క్యాప్‌నూ టెస్టర్‌కు తగిలించి విడిగా పరీక్షించండి, లేదా మెడతో జతగా అమ్మే క్యాప్‌తో మార్చి చూడండి. గ్యాస్కెట్ సెట్టు ధరతో పోలిస్తే దాని ధర ఎంత?

వేడికి సంబంధించిన ఇంకో నష్టం ఇంజన్ ఆపిన తరవాత జరుగుతుంది. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. హెడ్‌లోని లోహం తన వేడిని కదలని నీళ్లకు అప్పజెబుతూనే ఉంటుంది. రెండు నిమిషాల్లో నీటి వేడి నడిచేటప్పటికన్నా పైకి పోయి క్యాప్ లేస్తుంది. పోటీలో ఎండ్యూరెన్స్ పరుగు సుమారు 22 కిలోమీటర్లు. మధ్యలో డ్రైవర్ మారడానికి ఇంజన్ ఆపి, వేడి మీదే మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. ప్రాక్టీసులో ఎప్పుడూ ఆపకుండా తిప్పి, చల్లారాక తూచిన జట్టుకు ఈ నష్టం పుస్తకంలో కనిపించదు, పోటీ రోజున మొదటిసారి కనిపిస్తుంది. ప్రాక్టీసులోనూ మధ్యలో మూడు నిమిషాలు ఆపి, సీసాను తూచి చూడండి. ఫ్యాన్‌ను ఇంజన్ ఆపాక కూడా తిరిగేలా వైరింగ్ చేసుకుంటే కొంత మేలు. పంపు తిరగకపోయినా రేడియేటర్ చల్లబడుతుంది, తరవాత స్టార్ట్ చేసినప్పుడు ఆ చల్లని నీళ్లు హెడ్‌కు చేరతాయి. మేలో విజయవాడలో పరీక్షించే కారుకు ఇంకో మాట. 95 డిగ్రీల నీళ్లకూ 25 డిగ్రీల గాలికీ తేడా 70, అదే 40 డిగ్రీల గాలితో 55. రేడియేటర్ వదిలే వేడి ఈ తేడాను బట్టే కాబట్టి చల్లదనం అయిదో వంతు పైగా తగ్గిపోతుంది. అక్కడ క్యాప్ లేస్తే కారులో రంధ్రం ఉందని కాదు, రేడియేటరో దాని గాలిదారో చాలడం లేదని. జనవరిలో కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే మీద ఫార్ములా భారత్‌కు వెళ్తే అదే కారు నిబ్బరంగా ఉండొచ్చు.

ఈ రెండు వర్గాలూ తేలిపోయాకే మూడోదానికి రావాలి: ఇంజన్ కష్టపడ్డ నిమిషాలను బట్టి నష్టం పెరగడం. పంపు సీలు చెడిందా అన్నది దాదాపు కంటితోనే తెలుస్తుంది. చాలా మోటార్‌సైకిల్ ఇంజన్లలో నీటి సీలుకూ ఆయిల్ సీలుకూ మధ్య కిందికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ చెమ్మ కనిపిస్తే ఆ సీలు పని అయిపోయినట్టే. గ్యాస్కెట్ పోయిందా అన్నది తేల్చడానికి కూడా ఇంజన్ విప్పనక్కర్లేదు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసిన నిమిషంలోపే, నీళ్లింకా వేడెక్కకముందే, పై హోస్ రాయిలా గట్టిపడితే ఆ ఒత్తిడి సిలిండర్‌లోంచి వస్తున్నట్టు. మెడ దగ్గరి గాలిని నీలం రంగు రసాయనంలోంచి పోనిచ్చే పరీక్ష ఉంది, దహన వాయువుల్లోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది పసుపుకు తిరుగుతుంది. పిస్టన్‌ను పైకి తెచ్చి, అది కదలకుండా గేరులో పట్టి ఉంచి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టి మెడలో బుడగలు వస్తాయేమో చూడొచ్చు. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ చూసి మాత్రం వెంటనే తీర్పు చెప్పొద్దు. అయిదేసి నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే కారులో గాలిలోని చెమ్మ పేరుకుని కూడా ఆ నురగ కడుతుంది. ఆయిల్ పూర్తిగా కాగేదాకా ఒకసారి నడిపి మళ్లీ చూడండి.

దీనిమీద మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. గ్యాస్కెట్ పోతే నష్టం పెద్దది కదా, అందుకే దాన్నే ముందు చూడాలి కదా అంటారు. పరీక్షతో చూడమనే నేనూ అంటున్నాను, స్పానర్‌తో చూడొద్దంటున్నాను. హెడ్ విప్పిన క్షణాన నీళ్లు ఖాళీ అవుతాయి, హోస్‌లు ఊడతాయి, క్లిప్పులు వదులవుతాయి. మళ్లీ బిగించాక లీకు పోతే గ్యాస్కెట్ మార్చినందుకు పోయిందా, అదే చేత్తో క్లిప్పు కొత్తగా బిగించినందుకు పోయిందా ఎవరూ చెప్పలేరు. పైగా అప్పటిదాకా ఎవరూ ముట్టని అతుకు ఒకటి మీ చేతి పని అయి అనుమానితుల జాబితాలో చేరింది. కారణం, ఫలితం కూడా చాలాసార్లు తారుమారవుతాయి. నీళ్లు తగ్గి, హెడ్‌లో గాలి చేరి, లోహం కాగి వంకర తిరిగి గ్యాస్కెట్ పోవడం ఉంది. అప్పుడు గ్యాస్కెట్ మారిస్తే ఫలితం మారింది, కారణం ఉన్నచోటే ఉంది.

మాది పాత ఇంజన్, ప్రమాదానికి గురైన బండి నుంచి తీసింది, చరిత్ర తెలియదు అనే జట్టు అభ్యంతరాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. హెడ్ విప్పి కంప్రెషన్ మార్చిన జట్టు సంగతీ అంతే. అక్కడ గ్యాస్కెట్ ఫ్యాక్టరీ పని కాదు. అలాంటివాళ్లు నీలం రసాయనం పరీక్షను వరసలో మొదటికి తెచ్చుకోవాలి. అయినా విప్పడం చివరికే ఉండాలి.

ఇంత సమయం ఎక్కడుంది అంటారు. ప్రెషర్ టెస్టుకు పట్టేది పదిహేను నిమిషాలు. రాత్రి నిలబెట్టి చూడటానికి కారు నిద్రపోయే సమయమే చాలు, మీది అక్కర్లేదు. 22 కిలోమీటర్లే కదా, నిండుగా పోసి వెళ్తే సరిపోదా అనే ప్రశ్న అన్నిటికన్నా ప్రమాదకరమైనది. నీళ్లు తగ్గడం నెమ్మదిగానే ఉంటుంది, ఇంజన్ కాగడం నెమ్మదిగా ఉండదు. మట్టం పంపు నోటి దాకా దిగి పంపు గాలి మింగడం మొదలెడితే ప్రవాహం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ సమయానికి టెంపరేచర్ సెన్సార్ నీళ్లలో కాక గాలిలో ఉంటే డ్యాష్ మీద అంకె ప్రశాంతంగా కనిపిస్తుంది. మధ్యలో వేడి క్యాప్ తీసి నీళ్లు పొయ్యడం ఎవరూ ఎప్పుడూ చెయ్యకూడని పని. లోపల 110 డిగ్రీల నీళ్లుంటే మూత తీసిన క్షణాన ఆవిరై ముఖం మీదికే వస్తాయి.

లారీలవాళ్లు దారిలో రేడియేటర్ కారితే పసుపు వేసి ఊరు చేరేవారు. రోడ్డు మీద ఒంటరిగా ఆగిపోయినవాడికి అది గతిలేని ఉపాయం, దాన్ని తప్పు పట్టను. షెడ్డులో పరికరాలు, సమయం, పదిమంది చేతులు ఉన్న మీకు ఆ గతి పట్టలేదు. పసుపైనా, అమ్మకానికి దొరికే లీక్ స్టాప్ పొడులైనా సన్నని గొట్టాలను పూడుస్తాయి, మామూలు నీళ్ల నియమాన్ని అతిక్రమిస్తాయి, అన్నిటికన్నా ముఖ్యంగా మీరు వారం రోజులు పోగు చేసిన సాక్ష్యాన్ని చెరిపేస్తాయి. ఎంసీల్ ముద్ద కూడా అంతే. కారే చోటు కనిపెట్టాక వెల్డును గీకి మళ్లీ వెయ్యండి.

అధ్యాపకులకు ఒక విన్నపం. నీళ్లు తగ్గుతున్నాయి, ఇంజన్ విప్పుతాం, అనుమతి ఇవ్వండి అని జట్టు మీ దగ్గరికి వస్తే, వారం రోజుల కొలతల పుస్తకం, ప్రెషర్ టెస్టులో గేజ్ చూపిన అంకె చూపించమని అడగండి. అవి లేకుండా అనుమతి ఇవ్వకండి. మీ లాబ్‌లో ప్రెషర్ టెస్టర్, ఆ నీలం రసాయనం సీసా, చిన్న తూకం లేకపోతే ఈ సీజన్ బడ్జెట్‌లోనే కొనిపించండి. విద్యార్థులకు రెండో విన్నపం. రేపు పొద్దున క్యాప్ తియ్యకముందు, చల్లని ఇంజన్ మీద, సీసాను తూచి ఆ అంకె రాసుకోండి. గ్లాసుతో పొయ్యడం రేపటితో ఆపండి.

ఇట్లు,
మీ కారు పరుగు పూర్తి చెయ్యాలని కోరుకునే
మీ శ్రేయోభిలాషి